సున్నపు గీతల ఇల్లు

మొన్నామధ్య మా అమ్మాయీ అల్లుడూ తెల్లాపూర్‌లో ఫ్లాటు చూడ్డానికి వెళుతూ, ఇంట్లో పెద్దదాన్ని కదా అని నన్నూ కారెక్కించారు. తీరా వెళితే అక్కడ ఇల్లు లేదు, పెద్ద గొయ్యి ఉంది. ఆ గోతిలోంచి ముప్ఫయ్యో నలభయ్యో అంతస్తులు లేస్తాయట. లేచాక ఎలా ఉంటుందో తెలియడానికి పక్కనే ఒక నమూనా ఇల్లు కట్టి, చల్లగాలి పెట్టి, పూలచొక్కా వేసుకున్న ఒక అమ్మాయిని నిలబెట్టారు. అందులో సోఫా నిజం, మంచం నిజం, టీవీ మాత్రం నల్లరంగు వేసిన అట్ట. బల్ల మీద ఎర్రగా యాపిల్ పళ్లు కనిపిస్తే, ఎవరూ తీసుకోమనకపోయినా ఒకటి తీసుకుని కొరికాను. ప్లాస్టిక్. నా పళ్లలోనూ రెండు ప్లాస్టిక్‌వే కాబట్టి బంధువులు ఒకరినొకరు పలకరించుకున్నట్టయింది తప్ప నష్టమేమీ జరగలేదు. వంటింట్లో కుళాయి తిప్పితే నీళ్లు రాలేదు. "ఆంటీ, అది జస్ట్ ఫీల్ అవడానికి" అంది ఆ అమ్మాయి. ఈలోగా మా అల్లుడు ఫోను మీద నాలుగుసార్లు వేలు పెట్టి, బ్యాంకు తమకి ఎంత అప్పు ఇస్తుందో నా చేతిలో కాఫీ చల్లారేలోగా కనుక్కున్నాడు. నాకు నవ్వు ఆగలేదు. ప్లాస్టిక్ పండు కొరికి సిగ్గుపడి నవ్వుతున్నాననుకున్నారు పాపం. కాదు. ఇలాంటి ఉత్తుత్తి ఇంట్లో నేను ఇదివరకే ఒకసారి ఉన్నాను. దానికి సోఫా లేదు, కుళాయి లేదు, ఆ మాటకొస్తే గోడలు కూడా లేవు. కానీ అందులో నాకొక ఉద్యోగం ఉండేది. నేను వీధి తలుపు గడియని.

అప్పట్లో మేము ఇస్నాపూర్‌లో మల్లయ్య గారి లైను గదుల్లో కిరాయికి ఉండేవాళ్లం. రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి ఎనిమిది గదులు. అందులో రెండు మావి. మిగతావాటిలో ఒరిస్సా నుంచి, బీహారు నుంచి వచ్చిన పనివాళ్లు షిఫ్టుల వారీగా నిద్రపోయేవాళ్లు. ఒకరు లేచిన చాప చల్లారకముందే ఇంకొకరు దాని మీద వాలేవారు. గాలి ఒకవైపు నుంచి వీస్తే మందుల ఫ్యాక్టరీల కంపు, ఇంకోవైపు నుంచి వీస్తే హైవే మీద లారీల డీజిల్ వాసన, రెండూ లేని పూట మల్లయ్య గారి భార్య సత్తెమ్మ గారు కాల్చే జొన్నరొట్టెల కమ్మదనం. మా అమ్మ ఆ మూడో గాలిని బట్టి ఆకలి వేసిందా లేదా తేల్చుకునేది. మా నాయనమ్మ మాత్రం ఏ గాలి వీచినా ఒకటే మాట. తెనాలి దగ్గర పల్లె నుంచి మా వెంట వచ్చింది ఆవిడ. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో కూర్చుని, "ఒరే కోటీ, ఈ సత్రంలో ఇంకా ఎన్నాళ్లురా" అనేది. కాఫీలో చక్కెర తక్కువైనా మర్చిపోయేది గానీ ఆ ప్రశ్న మాత్రం ఒక్కరోజూ మర్చిపోలేదు.

కోటి అంటే మా నాన్న, కోటేశ్వరరావు. కోటి పేరులోనే ఉంది గదా, ఇంక జేబులో ఎందుకులే అనుకున్నట్టున్నాడు ఆ ఈశ్వరుడు. నాన్న పటాన్‌చెరులో పెద్ద పెద్ద ఇనప ట్యాంకులు చేసే ఒక ఫ్యాక్టరీలో మార్కర్. ఇనప రేకు పరిచి, దాని మీద సుద్ద పూసిన దారం బిగించి లాగి కొట్టి, ఎక్కడ కొయ్యాలో, ఎక్కడ వంచాలో, ఎక్కడ చిల్లి పెట్టాలో గీతలు గీయడం ఆయన పని. కోసేవాడు ఆ గీత మీదే కోస్తాడు. గీత తప్పితే రేకు తుక్కు. అందుకని ప్రతి రేకు మూలా గీసినవాడి పేరు తాలూకు పొడి అక్షరాలు సుత్తితో కొట్టి పెట్టాలి, రేపు తప్పొస్తే ఎవరిని పిలవాలో తెలియడానికి. ఈ అలవాటు ఇంటిదాకా వచ్చింది. దోసె గుండ్రంగా లేకపోతే "కోలగా వచ్చిందే కమలా" అని అమ్మకి కంచం తిప్పి చూపించేవాడు. నా పాపిట వంకరగా ఉందని నన్ను బడి నుంచి వెనక్కి పిలిచిన రోజుంది. నా తలరాత సంగతి తెలియదు గానీ తలగీత మాత్రం మా నాన్న చేతుల్లో ఎప్పుడూ నిటారుగా ఉండేది.

ఇల్లు కొనాలన్న ఆలోచన నాయనమ్మ సత్రం మాట వల్ల మొలిచిందే గానీ, దానికి సన్నాహం మొదలైంది నాన్న స్నేహితుడొకాయన వల్ల. ఆయన బ్యాంకులో అప్పు తీసుకుని సంగారెడ్డిలో ఇల్లు కొన్నాడు. ఆరు నెలలు కిస్తీలు కట్టాడు. ఏడో నెల నుంచి వీధిలో జీపు చప్పుడైతే మంచం కింద దూరేవాడు. ఆయన్ని పరామర్శించడానికి వెళ్లి, నాన్న కూడా మర్యాదకి కాసేపు మంచం కిందే కూర్చుని మాట్లాడి వచ్చాడు. వచ్చి అన్నాడు, "అప్పు తీసుకున్నాక కట్టడం నేర్చుకోకూడదు. కట్టడం నేర్చుకున్నాకే అప్పు తీసుకోవాలి." ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో బ్యాంకు వెలిసింది. పాత బిస్కెట్ల డబ్బాకి తాళం వేయించాడు. ఇల్లు కొంటే నెలకెంత కిస్తీ పడుతుందో లెక్క వేసి, సరిగ్గా అంత డబ్బు ప్రతి ఒకటో తారీకున అందులో వెయ్యాలి. ఊరికే వేస్తే కుదరదు. నాన్న మంచం మీద కళ్లజోడు పెట్టుకుని మేనేజరుగా కూర్చుంటాడు. అమ్మ డబ్బు తెచ్చి ఎదురుగా నిలబడాలి. మేనేజరు తలెత్తడు. అమ్మ చిన్నగా దగ్గాలి. అప్పటికి ఆయన "కూర్చోండి" అంటాడు. కూర్చోవడానికి కుర్చీ ఉండదు. "నిజం బ్యాంకులో కుర్చీ ఉంటుందిగా" అని అమ్మ ఒకసారి అడిగితే, "ఉంటుంది, దాని మీద ఫైళ్లుంటాయి" అన్నాడు.

నాయనమ్మ ఈ అప్పుకి జామీను. ఒక నెల నాకు గవదబిళ్లలు వచ్చి మందులకి ఖర్చయి, కిస్తీ తక్కువ పడింది. మేనేజరు జామీనుదారుని పిలిపించాడు. నాయనమ్మ పొడుం డబ్బీ మూసి, "ఒరే, నీకు మూడేళ్లు పాలిచ్చాను. ముందు దానికి వడ్డీ కట్టు, తర్వాత నీ డబ్బా సంగతి చూద్దాం" అంది. మేనేజరు ఆ ఫైలు అక్కడితో మూసేసి, ఆలస్య రుసుం కింద తనకి తనే ఆ నెలంతా సాయంత్రం కాఫీ మాన్పించుకున్నాడు. ఇలా ఏడాదిపైన గడిచింది. నవ్వొస్తుంది గానీ, ఆ ఏడాదిలో మేము ఒక్క నెల కూడా ఎగ్గొట్టలేదు. లేని ఇంటికి, లేని బ్యాంకుకి, లేని అప్పుని ఇంత నిజాయితీగా తీర్చిన కుటుంబం ఈ చుట్టుపక్కల ఇంకోటి ఉండదని నా నమ్మకం.

డబ్బు సంగతి ఒక దారిన పడ్డాక స్థలం సంగతి వచ్చింది. లైను గదుల వెనకే మల్లయ్య గారి చేను ఉండేది. ఒకప్పుడు జొన్న వేసేవాడట. ఫ్యాక్టరీల నీళ్లు బావిలోకి దిగాక పంట సరిగా రాక, రోడ్డువైపు ఉన్న కాస్త బీడుగా వదిలేసి, దాన్ని ముక్కలు చేసి అమ్ముతానన్నాడు. నాన్న ఒక ముక్క అడిగాడు. ఆయన గజానికి ఇంతని ధర చెప్పి, "ఇంకిద్దరు గూడ అడిగిండ్రు సారూ. కోతలైనంక ఏ సంగతి చెప్త" అన్నాడు. ఆ ఇద్దరూ డబ్బు చేతిలో పట్టుకున్నవాళ్లు. మేమేమో డబ్బాలో పెట్టుకున్నవాళ్లం, మిగతాది బ్యాంకు దయ. ఆ ముక్క పోతే ఆ ధరలో ఇంకో ముక్క దొరికే ఆశ లేదని నాకు కూడా తెలుసు, ఎందుకంటే ఇంట్లో ఇంకో మాట వినపడేది కాదు. నాన్న ఈలోగానే ఇంటి ప్లాను గీసేశాడు. అమ్మ ఆ కాగితాన్ని నిలువుగా, అడ్డంగా, వెలుతురుకి అడ్డం పెట్టి కూడా చూసి, "ఏవండీ, ఇందులో నేనెక్కడ పడతాను" అంది. కిటికీ ఎటు పెట్టాలన్నది ఇంకో తగువు. వాస్తు ప్రకారం ఉత్తరాన ఉండాలి, మందుల కంపు కూడా ఉత్తరం నుంచే వస్తుంది. వాస్తుపురుషుడు ఎటు తల పెట్టి పడుకున్నా మన ఊళ్లో ముక్కు మూసుకునే పడుకుని ఉంటాడని నాన్న తేల్చాడు. కాగితం మీద ఇవేవీ తెమలవు. ఫ్యాక్టరీలో ఖరీదైన రేకు కొయ్యబోయే ముందు అట్టతో అదే కొలతకి నమూనా కోసి, అమర్చి చూసుకుంటారు. ఇంటికీ అలా చూసుకోవాల్సిందే అన్నాడు.

దానికి సమయం కలిసొచ్చింది. మల్లయ్య గారి చెల్లెలిది కొండాపూర్ దగ్గర ఊరు. ఆవిడ కొడుకు పెళ్లికి మా వీధివీధంతా శనివారం సాయంత్రమే లారీ ఎక్కి వెళ్లింది. సోమవారం దాకా రారు. మిగిలింది నిద్రపోయే పనివాళ్లే. ఆదివారం తెల్లారేసరికి నాన్న టేపు, దారం, నాలుగు మేకులు, సున్నం బకెట్టు పట్టుకుని మమ్మల్ని బీడులోకి నడిపించాడు. ఖాళీ చేలో కాసేపు గీతలు గీసుకోవడానికి అనుమతి ఏమిటని ఆయన అనుకున్నాడు. దారం బిగించి కొట్టి, దాని వెంట సున్నం పోసి, అసలు కొలతకి అసలు ఇల్లు నేల మీద గీశాడు. గాలికి చెదరకుండా సున్నంలో బంక కలిపాడు, గీత అంటే నిలవాలని ఆయన పట్టుదల. వీధి తలుపుతో మొదలుపెట్టి తలుపులకి డి-1, డి-2 అని, కిటికీలకి డబ్ల్యూ-1, డబ్ల్యూ-2 అని ఇంగ్లీషులో రాశాడు. తర్వాత మమ్మల్ని అందులో కాపురం పెట్టమన్నాడు.

అమ్మ వంటింట్లో ఉత్తి గిన్నెలో ఉత్తి గరిటె తిప్పింది. నాయనమ్మ తన గదిలో పీట వేసుకుని కూర్చుంది. నేను వీధి తలుపు దగ్గర నిలబడి, నాన్న డ్యూటీ నుంచి వచ్చి "ఠక్ ఠక్" అంటే, "కిర్ర్" అని చెయ్యి పక్కకి జరపాలి. ఆయన అరగంటలో పదకొండుసార్లు డ్యూటీ నుంచి వచ్చాడు. గడియకి గడియైనా తీరిక లేదు. అమ్మ పొరపాటున వంటింట్లోంచి నేరుగా నా దగ్గరికి వస్తే "కమలా, గోడ" అని అరిచాడు. ఆవిడ నిజంగానే నుదురు పట్టుకుంది. ఒక ఊరకుక్క పడగ్గది గోడలోంచి లోపలికి వచ్చింది. నాన్న దాన్ని బయటికి తరిమి, చుట్టూ తిప్పి, డి-1 లోంచి రమ్మన్నాడు. అది రాలేదు. "నీకంటే దానికే బుద్ధుందిరా" అంది నాయనమ్మ. మధ్యాహ్నం పులిహోర మాత్రం నిజంది. దాన్ని లేని హాల్లో, లేని ఫ్యాను కింద తిన్నాం. ఎండ నెత్తి మాడ్చేస్తుంటే అమ్మ పైకి చూసి, "స్లాబు ఇంకాస్త మందంగా వేయించండి" అంది. ఆ రోజు మా నలుగురికీ ఉన్నంత సంబరం ఆ తర్వాత అసలు గృహప్రవేశం నాడు కూడా లేదు. ఎండ దిగాక గిన్నెలు సర్దుకుని గదులకి వచ్చేశాం. గీతలు అక్కడే ఉండిపోయాయి.

సోమవారం సాయంత్రం లారీ తిరిగొచ్చింది. కాసేపటికి వీధిలో గోల వినిపించింది. అది పెళ్లి గోల కాదు. ఆ ఊళ్లో నేల మీద సున్నం గీత కనిపిస్తే ముగ్గనుకోరు. అంతకు ముందు ఊరికి అవతలివైపు పొలాల్లో సర్కారు మనుషులు వచ్చి ఇలాగే సున్నం గీసి వెళ్లారట. ఆరు నెలల్లో అక్కడ గోడ లేచింది, గోడ లోపల ఫ్యాక్టరీ లేచింది, పొలం పోయినవాళ్లు పైకం కోసం ఏళ్లకేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగారు. మాకు ఆ సంగతి తెలియదు. మేము వచ్చేసరికే ఆ గోడలున్నాయి. మా నాన్న జీతం కూడా అలాంటి గోడ లోపలిదే. చాయ్ హోటల్ యాదగిరి గొంతు మా గదిదాకా వినిపిస్తూనే ఉంది. "ఇది మామూలోళ్ల పని గాదన్నా. గీత సూడు, ఎంత సీదాగున్నదో. మన ఎమ్మార్వో ఆఫీసోళ్లు గూడ గింత సీదాగ గియ్యరు. మీదికెల్లి ఇంగ్లీషుల రాసిండ్రు. పెద్ద కంపెనీనే." నాన్న ముఖంలో ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, గర్వం కనిపించింది. తర్వాత రంగు దిగిపోయింది.

అప్పుడే సత్తెమ్మ గారు మా గుమ్మంలోకి వచ్చి కూలబడింది. పెళ్లి చీర ఇంకా ఒంటి మీదే ఉంది. "ఓ కమలమ్మా, నిన్న సర్కారోళ్లొచ్చి గీతలు గీసిన్రంట గద. నువ్వు సూడలేదా బిడ్డా?" అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న గోడ వైపు చూశాడు. "నేను... వంటింట్లో ఉన్నానండీ" అంది అమ్మ. అది నిజమే. ఆవిడ నిన్నంతా వంటింట్లోనే ఉంది.

మంగళవారం ఊరు పనిలోకి పోలేదు. సాయంత్రం మల్లయ్య గారు మా గదికి వచ్చాడు. గుమ్మంలో గొంతుక్కూర్చుని, తలపాగా విప్పి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆయన మా ఇంటి ఓనరే గానీ, నెల మొదటివారం కిరాయి అడగడానికి కూడా మొహమాటపడి, "అమ్మా, జెర మంచినీళ్లిస్తవా" అని వచ్చేవాడు. ఆ రోజు మంచినీళ్లు కూడా అడగలేదు.

"సారూ, నువ్వు సదువుకున్నోనివి, కంపెనీల పనిజేస్తవు. నీకెరుకే గద. గీత పడ్డదంటె భూమి పోయినట్టే. నోటీసు రాకముందే ఎంతొస్తే గంతకు అమ్ముకుంటె నాలుగు పైసలన్న చేతికొస్తయి. పొద్దున బేరగాడొకడొచ్చి పావు ధరకడిగిండు. గాడికిచ్చుడెందుకు, మా ఇంట్ల ఉన్నోనివి, నువ్వే తీస్కో. నువ్వడిగిన ముక్క సగం ధరకే ఇస్త."

నాన్న చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. గోళ్లలో సున్నం ఇంకా పోలేదు. "రేపు చెబుతాను మల్లయ్యగారూ" అన్నాడు. ఆయన వెళ్లాక తలుపు వేశాడు. నిజం తలుపు, నిజం గడియ. డబ్బాలో ఉన్నదీ, పీఎఫ్‌లోంచి తీయగలిగిందీ కలిపితే సరిగ్గా ఆ సగం. బ్యాంకు అక్కర్లేదు, కిస్తీ అక్కర్లేదు, మంచం కింద దూరక్కర్లేదు. ఆ లెక్క నాన్న మనసులో వేసుకోవడం మాకు కనిపిస్తూనే ఉంది, పెదవులు కదులుతున్నాయి మరి. ముందు నాయనమ్మే నోరు విప్పింది. "దేవుడిచ్చాడనుకోరా. మనం అబద్ధమేం ఆడలేదుగా."

"నిజమూ చెప్పలేదుగా అత్తయ్యా" అంది అమ్మ. "సత్తెమ్మ గారు అక్కడ కూర్చుని ఏడ్చింది. ఆ నేల మీద నాచేత పాలు పొంగించమంటే పొంగుతాయా, విరుగుతాయి గానీ."

"పాలు విరిగితే కోవా చేసుకోవచ్చు" అంది నాయనమ్మ. కానీ అంతకు మించి వాదించలేదు. కాసేపయ్యాక తనే, "ఆ గీతల్లో నీ పేరు రాశావా" అని అడిగింది. "రాయలేదు" అన్నాడు నాన్న. "అయితే ఎవరికీ తెలియదు" అంది. నాన్న తల ఊపాడు. "నాకు అదే బాగాలేదమ్మా. పేరు లేకుండా నేను ఇంతవరకు గీత గీయలేదు" అన్నాడు.

బుధవారం పొద్దున ఆయన ఫస్ట్ షిఫ్టుకి వెళ్లలేదు. చాయ్ హోటల్ ముందు జీపు సిద్ధంగా ఉంది. ఊరివాళ్లు సంగారెడ్డి వెళ్లి కలెక్టరుకి అర్జీ పెట్టబోతున్నారు. నాన్న వాళ్ల మధ్యలోకి వెళ్లి, గొంతు సవరించుకుని, ఆ గీతలు తనవేనని, ఇల్లు ఎలా ఉంటుందో చూసుకోవడానికి గీసుకున్నానని చెప్పాడు. ఆయన ఊహించిన తిట్లు పడలేదు. అంతకంటే అన్యాయం జరిగింది. ఎవరూ నమ్మలేదు.

"సారూ, నువ్వు కంపెనీ మనిషివి. కంపెనీనే నిన్ను తోలింది గిట్ల జెప్పుమని" అన్నాడు యాదగిరి. "ఇల్లు గావాలంటె ఇటుకలతోని కడ్తరు గాని సున్నంతోని గీస్కుంటరా ఎవలన్న? మమ్ముల ఎడ్డోళ్లను జేస్తున్నవా?"

నాన్న జన్మలో మొదటిసారి తన గీత తనదేనని రుజువు చేసుకోవాల్సి వచ్చింది. నన్ను పిలిచి, "అమ్మనీ నాయనమ్మనీ తీసుకురా. గిన్నెలు కూడా తెమ్మను" అన్నాడు.

అలా ఊరంతా చుట్టూ నిలబడి చూస్తుండగా మేము రెండోసారి ఆ ఇంట్లో కాపురం పెట్టాం. అమ్మ తలదించుకుని ఉత్తి గిన్నెలో గరిటె తిప్పింది. నేను డి-1 దగ్గర నిలబడ్డాను. ఎదురుగా మా క్లాసు పిల్లలు ఆరుగురు. నాన్న దూరం నుంచి నడిచొచ్చి, చేతిలో లేని టిఫిన్ డబ్బా ఊపుతూ, "ఠక్ ఠక్" అన్నాడు. గడియ పట్టేసింది. "ఠక్ ఠక్" అన్నాడు మళ్లీ, బతిమాలుతున్నట్టు. "కిర్ర్" అన్నాను. ఎవరూ నవ్వలేదు. అది మరీ ఘోరం. జనం ఇంకా అనుమానంగానే చూస్తున్నారు. నాన్నకి ఏం చెయ్యాలో తోచక, "అమ్మా, నువ్వు నీ గదిలో పడుకో" అన్నాడు. నాయనమ్మ చాప పరుచుకుని, తల గోడ గీతకి ఆనించి, వెల్లకిలా పడుకుని, కోపంగా కాళ్లు బారజాపింది. మోకాళ్ల కింద నుంచి ఆవిడ కాళ్లు రెండూ అవతలి గోడ దాటి వీధిలో ఉన్నాయి.

మా నాన్న ప్లానులో ఆ గదిలో పీట పట్టింది, బీరువా పట్టింది, మనిషి పొడుగు ఒక్కటే లెక్కలోకి రాలేదు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. కాళ్లు అక్కడే ఉన్నాయి.

సత్తెమ్మ గారు మొదట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కొంగు వదిలేసింది. "ఓ సారూ, సర్కారోళ్లయితే గింత తప్పు గియ్యరు గాని, ఇది నువ్వు గీసిందే" అంది. అంతే. రెండు రోజులుగా బిగబట్టుకున్న ఊరు ఒక్కసారిగా నవ్వింది. యాదగిరి కింద కూర్చుండిపోయి నవ్వాడు. జీపు డ్రైవరు హారన్ కొట్టి మరీ నవ్వాడు. నవ్వు తగ్గాక సలహాలు మొదలయ్యాయి. స్నానాలగది గింతనే అయితే సబ్బు వెట్టే జాగేదన్నారు. సుట్టాలొస్తే ఏడ పండాలన్నారు. నలుగురు ముసలమ్మలు గీతలు దాటుకుంటూ వంటింట్లోకి వెళ్లి అమ్మ చుట్టూ నిలబడి, రోలు ఎక్కడ పెడతావని నిలదీశారు. "గోడ, గోడ" అని నాన్న గొణిగాడు గానీ ఎవరూ పట్టించుకోలేదు.

మల్లయ్య గారు మాత్రం నవ్వలేదు. చుట్టూ తిరిగి డి-1 దగ్గరికి వచ్చాడు. చెప్పులు విడిచి గీత అవతల పెట్టాడు. తన చేలో తనే. "గడియ తియ్యి పోరీ" అన్నాడు నాతో. తీశాను. లోపలికొచ్చి హాల్లో మట్టి మీద కూర్చున్నాడు. నాన్న ఎదురుగా కూర్చున్నాడు.

"నిన్న సగానికే ఇస్తనంటి. నోరు మూస్కోని తీస్కుంటె ఐపోవు గదా సారూ."

"గీసింది నేనండీ" అన్నాడు నాన్న. "మిమ్మల్ని అందరినీ హైరానా పెట్టాను. క్షమించండి."

"పరేషాన్ గాదు సారూ, రెండు దినాలు బువ్వ దిగలే." ఆయన మట్టి గడ్డ ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపాడు. "ఇగ సగం లేదు. ధర పాతదే."

"పాతదే. కానీ మొత్తం ఒకేసారి ఇవ్వలేను. సగం ఇప్పుడిస్తాను. మిగతాది బ్యాంకు ఇస్తే సరి, ఇవ్వకపోతే నెలనెలా మీకే కడతాను."

"కడ్తవా నెలనెల?"

"ఏడాదిగా కడుతున్నానండీ."

"ఎవలకు?"

నాన్న కళ్లజోడు సవరించుకుని, "డబ్బాకి" అన్నాడు.

మల్లయ్య గారు అమ్మ వైపు చూశాడు, ఇది కూడా నిజమేనా అన్నట్టు. అమ్మ నిజమేనని తల ఊపింది. ఆయన లేచి, పంచె దులుపుకుని, ఏమీ చెప్పకుండా డి-1 లోంచే బయటికి నడిచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఇస్తానన్నాడో లేదో మాకు తెలియలేదు. ముందు అడిగిన ఆ ఇద్దరిలో ఒకరికి ఇచ్చేస్తాడనే ఆ రోజంతా అనుకున్నాం. నాన్న అన్నం సగం తిని లేచాడు. నాయనమ్మ సత్రం మాట ఎత్తలేదు. ఆవిడ ఊరుకుంటే ఇంట్లో ఎంత బరువుగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

ఇప్పుడు తల్చుకుంటే, మా అల్లుడి ఫోను చెప్పిన అప్పు అర్హత ఆ రోజు మా నాన్నకి ఎవరు చెప్పాలో అనిపిస్తుంది. ఫోనుకి జీతం తెలుసు, వయసు తెలుసు, పాత అప్పులు తెలుసు. మనిషి సంగతి దానికి ఎవరూ చెప్పరు. అలాగని అప్పటి రోజులే బంగారమని నేననను. మల్లయ్య గారికి కూడా మా సంగతి తెలియడానికి రెండు రోజుల ఉపవాసం, ఒక జీపు కిరాయి, మా నాయనమ్మ కాళ్లూ ఖర్చయ్యాయి. ఫోనయితే కాఫీ చల్లారేలోగా తేల్చేది, ఇవ్వబోమని.

గురువారం తెల్లవారుజామున అకాల వర్షం పడింది. నాన్న బంక కూడా ఆ వానకి ఆగలేదు. పొద్దున్నే వెళ్లి చూస్తే గీతలన్నీ కరిగి తెల్లటి మడుగులయ్యాయి. కానీ నాలుగు మూలలా నాలుగు హద్దురాళ్లు పాతి ఉన్నాయి. వాటి చుట్టూ తొక్కిన మట్టి మీద వాన చినుకుల గుర్తులున్నాయి. అంటే వాన రాకముందే, ముందురోజు సాయంత్రమే మల్లయ్య గారు పాతిపెట్టాడన్నమాట. బయానా లేదు, కాగితం లేదు. ఇలాంటప్పుడు నాన్న చేసే పని ఒక్కటే. టేపు తీశాడు. తూర్పు కొలిచాడు, ఉత్తరం కొలిచాడు, సరిపోయాయి. పడమర దగ్గర ఆగి, మళ్లీ కొలిచి, ఇంకోసారి కొలిచాడు. నాయనమ్మ గదివైపు రాళ్లు రెండూ మూరెడు అవతలికి ఉన్నాయి.

మల్లయ్య గారు బర్రెను తోలుకుంటూ అటే వస్తున్నాడు. "మల్లయ్యగారూ, కొలత తప్పింది. మూరెడు ఎక్కువొచ్చింది" అన్నాడు నాన్న.

"టేపు సంగతి నాకెరుక లేదు సారూ" అన్నాడు ఆయన ఆగకుండానే. "పెద్దమ్మ కాళ్లు ఇంట్లకు రావాలె గదా."

కాగితాల్లో టేపు కొలతే రాయించాం. ఇల్లు మాత్రం రాళ్ల ప్రకారం లేచింది. నిజానికి మా నాయనమ్మ జీవితంలో ఎప్పుడూ కాళ్లు చాపుకుని పడుకున్న మనిషి కాదు. ఆ రోజు జనం ముందు కోపంతో చాపిందే తప్ప, ఆ గదిలో ఉన్నన్నాళ్లూ పిల్లిలా ముడుచుకునే పడుకుంది. మంచం చివర ఆ మూరెడు చోటూ ఖాళీగానే ఉండేది. అమ్మ ఎప్పుడన్నా అక్కడ బియ్యం డబ్బానో, కుట్టుమిషనో పెట్టబోతే, నాయనమ్మ దుప్పటి లోంచే కసిరేది, "అక్కడ పెట్టకు, అది మల్లయ్య నా కాళ్లకిచ్చిన చోటు" అని.